పల్చని వాషరు

1955 సెప్టెంబరు 3, శనివారం

పురానాపూల్ దర్వాజా మొదలుకొని లాడ్ బజార్ గాజుల దుకాణాల దాకా నివసించు సకల జనులకు, వారి మేకలకు, కోళ్ళకు ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: రామలింగం మోటారు సామాన్ల దుకాణంలో ఇరవై ఒక్క ఏండ్లుగా కౌంటరు వెనుక స్టూలు మీద కొలువై ఉన్న వామన్‌రావు అనబడే వాని, అనగా నా, మీసం, ఈ రోజు సాయంత్రం అయిదు గంటలకు పందెంలో ఒడ్డబడినది. సదరు మీసం కుడివైపు రెండంగుళాలు, ఎడమవైపు పావు తక్కువ రెండంగుళాలు. ఈ తేడాకు మంగలి దుర్గయ్య బాధ్యుడు. అభ్యంతరాలున్నవారు రాతపూర్వకంగా మా పక్కింటి మేకకు సమర్పించుకోవచ్చును. అది నమిలి నిర్ణయం చెబుతుంది.

పందెం రఘునాథ్‌తో. కచేరీలో టైపు కొట్టే మనిషి, రోజూ ఇరానీ హోటల్లో నా ఎదుటి కుర్చీ. దసరా లోపల జలాలుద్దీన్ ఉస్తాద్ ఫ్రెంచి బండి నడిరోడ్డు మీద ఒక్కసారైనా ఆగాలి. ఆగితే రఘునాథ్ మీసం పోతుంది, లేకపోతే నాది. గొరగడం హోటలు ముందు, పట్టపగలు.

తప్పు ఉస్తాద్‌దే. సాసరులో చాయ్ పోసుకుని, ఊది, అందరూ వినేదాకా ఆగి చెప్పాడు. "అరవై వేల మైళ్ళు తిరిగింది భాయ్. బీదరు పోయింది, గుల్బర్గా పోయింది. ఒక్కనాడు నన్ను రోడ్డు మీద నిలబెట్టలే." ఈ మాట నేను నలభైసార్లు విన్నాను. నలభై ఒకటోసారి నా చెవికి దురద పుట్టింది.

సెప్టెంబరు 5, సోమవారం

ఉస్తాద్ సురయ్యా బేగం దేవిడీలో, ఆ నవాబుల బంగళాలో, పద్దెనిమిదేండ్లు డ్రైవరు, మెకానిక్కు, అన్నీ. జాగీరు పోయాక బేగం సాహెబా దేవిడీ అమ్మేసి వెళ్ళిపోతూ బండిని ఇతని పేర రాసింది. అప్పటినుంచి ఆ బండిని కూతురిలా తుడుస్తాడు. ఇప్పుడు టాక్సీ పర్మిటుకు అర్జీ పెట్టాడు. అక్టోబరు మూడున మోటారు ఆఫీసులో బండి చూపించాలి. పాసైతే తిండికి ఢోకా లేదు. కాకపోతే యాభై రెండేండ్ల మనిషికి ఎవడిస్తాడు ఉద్యోగం? దేవిడీలన్నీ ఖాళీ అవుతున్నాయి. ఇది అతని మాట. నేను మధ్యలో రెండుసార్లు ఆవలించాను.

ఈ రోజు దుకాణానికి వచ్చి, ఇంజను విప్పుతున్నాననీ, పర్మిటు ముందు ఓవర్‌హాలు చేస్తాననీ అన్నాడు. చేతిలో గుడ్డలో చుట్టిన ఫ్రెంచి పుస్తకం. బండితోపాటు వచ్చింది. అతనికి ఉర్దూ తప్ప చదవడం రాదు కాబట్టి దాన్ని చదివేది నేను.

నాకు ఫ్రెంచి రాదు. ఈ సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. ఏడో తరగతిలో రెండుసార్లు తప్పినవాణ్ణి. మూతపడిన ఒక కార్ల ఏజెన్సీ నుంచి మా సేటు రామలింగం పెట్టెల కొద్దీ ఫ్రెంచి సామాను కొన్నప్పుడు, ఒక పెట్టె మీద అక్షరాలను ముక్కుతో చదివాను. సేటు కళ్ళు పెద్దవి చేశాడు. అంతే, ఆ రోజునుంచి పాతబస్తీలో ఫ్రెంచి వచ్చిన మనిషిని నేనొక్కణ్ణే. ముక్కు బాగుంటే చాలు, ఆ భాష వచ్చేస్తుంది.

సెప్టెంబరు 9, శుక్రవారం

పోయిన ఏడు ఇదే పుస్తకం చూసి, శుక్రవారం పూట ఈ ఇంజను మూత తీసి ఒక గంట ఎండకు పెట్టాలని రాసి ఉందని చెప్పాను. ఏడాదిగా పెడుతున్నాడు. ఈ రోజు కూడా ఎండకు పెట్టి, పక్కన గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. గొడుగు తనకు కాదు. కార్బొరేటరు మీద కాకులు రెట్ట వేయకుండా.

హోటలంతా పడీ పడీ నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వాడు. అందరూ తన బండిని చూసి మురిసిపోతున్నారనుకున్నాడు.

సెప్టెంబరు 13, మంగళవారం

ఈ ఇంజను సంగతి రాసుకోవాలి, లేకపోతే మరిచిపోతాను.

నాలుగు సిలిండర్లు. మన ఊళ్ళో తిరిగే ఇంగ్లీషు బండ్లలో సిలిండరు బ్లాకులోనే తొలిచి ఉంటుంది. వీళ్ళది అట్లా కాదు. నాలుగు స్లీవులు, అంటే నాలుగు ఇనుప గొట్టాలు, చుట్టూ నీళ్ళు తిరుగుతుంటే గ్లాసులో గ్లాసు పెట్టినట్టు నిలబడి ఉంటాయి. అరిగితే పీకి కొత్తవి పెట్టుకోవచ్చు. ఒక్కో స్లీవు కింద ఒక రాగి వాషరు. నీళ్ళు కింది ఆయిలులోకి దిగకుండా ఆపేది అదే. స్లీవును సరైన ఎత్తున నిలబెట్టేదీ అదే.

ఇంజన్లలో రెండు రకాలు వచ్చాయి. మొదటి రకం ముసలిది. పరుగు తక్కువ, చావు లేదు. మైళ్ళకు మైళ్ళు గానుగెద్దులా తిరుగుతుంది. రెండో రకంలో గొట్టం వెడల్పు చేశారు. ఎత్తు రోడ్డు మీద దూకుతుంది, ఎండాకాలం ఉడుకుతుంది. నగరంలో ఉన్న ఈ బండ్లలో రోడ్డు పక్కన బానెట్టు తెరుచుకుని కనిపించేవన్నీ రెండో రకానివే. మొదటి రకానికి మందం వాషరు, రెండో రకానికి పల్చనిది. మా దగ్గర రెండూ ఉన్నాయి. రెండు డబ్బాలూ ఒకే అరలో, పక్కపక్కనే.

ఉస్తాద్ ఇంజను మీద ఇత్తడి రేకు ఉంది. దాని మీద అక్షరాలు ఒక కాగితం మీద అచ్చు తీసుకొచ్చాడు. పుస్తకంలో పట్టిక తీశాను. భాష రాకపోయినా బొమ్మలు వస్తాయి కదా. ఆ అక్షరాల ఎదురుగా మందం వాషరు బొమ్మ.

మొదటి రకమే. మందందే.

సెప్టెంబరు 14, బుధవారం

పల్చనిది ఇచ్చాను.

సెప్టెంబరు 15, గురువారం

పొద్దున్నే వచ్చాడు. చేతులు గ్రీజు, గడ్డానికి గ్రీజు. స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"వామన్‌భాయ్, గోరుకు తగుల్తలేదు."

ఏం తగలడం లేదని అడిగాను. స్లీవు పెట్టాక బ్లాకు మీద గోరు గీస్తే, స్లీవు అంచు గోరుకు కొంచెం తగలాలట. ఒక వెంట్రుకంత ఎత్తు. పద్దెనిమిదేండ్లలో మూడుసార్లు విప్పాడు, మూడుసార్లూ తగిలింది. ఇప్పుడు గోరు జారిపోతోంది. స్లీవు దిగి కూర్చుంది. పైన సిలిండర్లను మూసే హెడ్డు బిగిస్తే పట్టు దొరకదని అతని ఫికర్.

"జర మళ్ళ చదువు భాయ్. మందందేమో."

పుస్తకం తెరిచాను. ముక్కుతో నాలుగు ముక్కలు చదివాను, వేలు పట్టిక మీద నడిపించాను. సేటు కూడా వచ్చి నిలబడ్డాడు. ఉస్తాద్ నా వేలినే చూస్తున్నాడు, పూజారి చేతిలో హారతిని చూసినట్టు.

"పల్చనిదే రాసి ఉంది ఉస్తాద్. నీ గోరు పెద్దదా, ఫ్రాన్సు పెద్దదా?"

సేటు నవ్వాడు. ఉస్తాద్ తన గోరు వైపు చూసుకున్నాడు.

"బుక్కుల ఉన్నదంటే ఉన్నట్టే" అన్నాడు. "నేను చదువుకోలే. చెయ్యికి ఏం తెలుస్తది."

వెళ్ళి హెడ్డు బిగించేశాడు.

సెప్టెంబరు 16, శుక్రవారం

ఏమీ కాదు. కొంచెం నీళ్ళు కారుతాయి, పొగ వస్తుంది, బండి గంటసేపు రోడ్డు మీద ఆగుతుంది. అందరం నవ్వుతాం. తరువాత నేనే మందం వాషర్లు ఇచ్చి, అరే పేజీ తప్పు తిప్పాను ఉస్తాద్ అంటాను. గంటసేపే.

సెప్టెంబరు 22, గురువారం

ఇంకా తిరుగుతోంది. ధూల్‌పేట్ నుంచి రఘునాథ్ వాళ్ళ చుట్టాలను కూడా ఉస్తాద్ ఎక్కించుకుని వచ్చాడట. రఘునాథ్ హోటల్లో నా మీసాన్ని వేళ్ళతో కొలిచి, దుర్గయ్యకు చెప్పి కత్తికి పదును పెట్టించమంటావా అన్నాడు. ఫ్రెంచివాళ్ళు ఇంత గట్టిగా ఎందుకు చేశారో అర్థం కాదు.

సెప్టెంబరు 27, మంగళవారం

ఉస్తాద్ వచ్చి రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయన్నాడు. రోజూ ఒక చెంబు. ఎక్కడా కారడం లేదు, మరి ఎక్కడికి పోతున్నాయి?

కొత్త స్లీవులు దాహం మీద ఉంటాయి, కొన్నాళ్ళు తాగుతాయని పుస్తకంలో ఉందన్నాను. నమ్మాడు. చెంబు బండిలోనే పెట్టుకున్నాడు.

రాత్రి భోజనం దగ్గర నవ్వుతూ కోమలవల్లికి చెప్పాను. నా భార్య నవ్వలేదు. చారు పోస్తూ అడిగింది: "మీకు ఫ్రెంచి ఎప్పుడొచ్చిందండీ?"

చారులో ఉప్పు తక్కువైందని అరిచాను. తక్కువ కాలేదు.

సెప్టెంబరు 30, శుక్రవారం

మూడో తారీఖు లోపల పేజీ తప్పు తిప్పానని చెప్పేస్తే? మూడు రోజులు చాలు, విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు.

కానీ పందెం పోతుంది. పైగా ఫ్రెంచి ఎట్లా తప్పు చదివావని సేటు అడుగుతాడు. గంటసేపే కదా ఆగేది.

అక్టోబరు 3, సోమవారం

ఆగింది.

వరుసగా రాస్తాను. ఉస్తాద్ పొద్దున బండికి పూలదండ వేశాడు. అతని భార్య అమీనాను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. పర్మిటు బండికి మొదటి సవారీ ఆమేనట. పద్దెనిమిదేండ్లు అతను బేగంను తిప్పుతుంటే ఆమె గడపలో నిలబడి చూసింది. పెళ్ళినాటి దుపట్టా కప్పుకుంది. మేము హోటలు ముందు నిలబడి ఉన్నాం, నేనూ రఘునాథ్, ఇంకో పదిమంది. సలాం చేసుకుంటూ వెళ్ళాడు.

పురానాపూల్ ఎక్కేచోట, సరిగ్గా అందరూ చూసేచోట, బండి దగ్గింది. తెల్లటి పొగ. ఉస్తాద్ చెంబు తీసుకుని దిగాడు. నేను అప్పటికే పరుగెత్తి ముందుకు వచ్చి, రెండు చేతులూ చాచి, జులూసు ముందు వెండి కర్ర పట్టి నడిచే చోబ్‌దారులా అరిచాను: "బా అదబ్, బా ములాహిజా, ఫ్రెంచి బేగం ఆరామ్ తీసుకుంటున్నది." జనం పగలబడ్డారు. నా జీవితంలో అంత మంచి నవ్వు నేను పుట్టించలేదు.

ఉస్తాద్ ఆయిలు పుల్ల బయటికి లాగాడు. దాని మీద ఆయిలు లేదు. చాయ్ మీద మలాయిలాంటిది ఉంది, తెల్లగా, ఆయిలులో నీళ్ళు కలిసి. అది చూసి అతను బండి ఆపేయవలసింది. ఏ మెకానిక్కైనా ఆపేస్తాడు. కానీ మోటారు ఆఫీసు పదకొండింటికి. వెనక అమీనా. ముందు నవ్వు. నీళ్ళు పోసి మళ్ళీ స్టార్టు చేశాడు.

వంతెన సగం దాకా వెళ్ళింది. తరువాత చప్పుడు. సుత్తితో బావి గోడను కొట్టినట్టు మూడుసార్లు, నాలుగోది వేరేగా. కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చింది. తెల్లటి ఆయిలు వంతెన మీద కారింది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను కొంచెంసేపు నవ్వాను, ముందు మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి.

అక్టోబరు 4, మంగళవారం

పందెం నేను గెలిచాను. రఘునాథ్ హోటలు ముందు కుర్చీలో కూర్చుని, దుర్గయ్యతో మీసం తీయించుకున్నాడు. చూడటానికి ముగ్గురే వచ్చారు. ముఖం తుడుచుకుని లేచి, "ఖుషేనా వామన్‌రావు" అని, చాయ్ తాగకుండానే పోయాడు.

అక్టోబరు 5, బుధవారం

బ్లాకు పగిలితే కొత్త బ్లాకే కావాలి. సేటు బొంబాయికి ట్రంక్ కాల్ చేయించాడు. ఈ రకం అక్కడా లేదట.

అక్టోబరు 8, శనివారం

దుకాణంలో సేటు లేడు. అమీనా వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కౌంటరు మీద గుడ్డ విప్పి పుస్తకం పెట్టింది.

మాట మెల్లగా, ఆగి ఆగి. ఉస్తాద్ అయిదు రోజులుగా పానా ముట్టలేదట. రాజమణి గ్యారేజీ నుంచి పనికి పిలిస్తే పోలేదు. నా చెయ్యి చెడింది, ఇంకొకడి బండి చంపను అంటున్నాడట. స్లీవులు తనే సరిగ్గా కూర్చోబెట్టలేదనీ, హెడ్డు వంకరగా బిగించాననీ అంటాడట. తన చేతిని చూసుకుంటూ కూర్చుంటాడట.

"నువ్వు చదువుకున్నోడివి అన్నా. బుక్కుల ఏమున్నదో చూసి చెప్పు. తప్పు వాషరుదా, ఆయన చెయ్యిదా. చెయ్యిది కాదని ఒక్క ముక్క ఉంటే చాలు. పోయి చెప్త. లేస్తడు."

పట్టిక తీశాను. మందం వాషరు బొమ్మ అట్లాగే ఉంది. ఇది అచ్చు తప్పమ్మా అనవచ్చు. పేజీ తప్పు తిప్పానమ్మా అనవచ్చు. అది ముందే అనుకున్న మాట, నోట్లో తయారుగా ఉన్న మాట. కానీ గంటసేపు ఆగిన బండికి చెప్పే మాట వేరు, పగిలిన బ్లాకుకు చెప్పే మాట వేరు. బండి నష్టం ఎవరిమీద పడుతుంది? సేటు నన్ను స్టూలు మీద ఉంచుతాడా?

ముక్కుతో రెండు వరుసలు చదివాను.

"వాషరు సరైందే. బిగించుట్ల తేడా వచ్చిందని ఉన్నది."

"చెయ్యిదేనా అన్నా?"

"చెయ్యిదే."

పుస్తకాన్ని గుడ్డలో చుట్టింది. నాలుగు మూలలూ సరిచేసి ముడి వేసింది. గడప దాకా వెళ్ళి వెనక్కు తిరిగి అడిగింది.

"ఇది ఆయనకు చెప్పాల్నా, వద్దా?"

చెప్పు, నిజం తెలిస్తే మనిషికి మంచిదని అన్నాను.

అక్టోబరు 9, ఆదివారం

మంచి మాటే చెప్పాను. తెలియకుండా నలగడం కంటే నయం.

అక్టోబరు 11, మంగళవారం

ఉస్తాద్ తన పానాలు, సుత్తులు, కొలత బద్దలు అన్నీ రాజమణి గ్యారేజీకి ఇచ్చేశాడు. బండిని పాత ఇనుము కొనేవాళ్ళు ఎద్దులకు కట్టి లాక్కుపోయారు. పూలదండ ఇంకా ఉందట, ఎండిపోయి. సేటు చెప్పాడు. నేను చూడలేదు, డబ్బాలు సర్దుతున్నాను. రెండు వాషరు డబ్బాలనూ వేరు వేరు అరల్లో పెట్టాను.

అక్టోబరు 24, సోమవారం

సైకిలు రిక్షా. అద్దెది.

మా దుకాణం ముందునుంచే పోయాడు. యాభై రెండేండ్లు, మెత్తని సీటు మీద తప్ప కూర్చోని మనిషి. పెడల్ మీద లేచి నిలబడి తొక్కుతున్నాడు. వెనక ఇద్దరు లావుపాటి మార్వాడీలు. వంతెన ఎత్తు దగ్గర దిగి, హ్యాండిలు పట్టుకుని తోశాడు. ఊపిరి ఇక్కడికి వినిపించింది. ఇక్కడికి వినిపించేంత దగ్గర కాదు, అయినా వినిపించింది.

హోటల్లో ఒకడు రిక్షా ఉస్తాద్ అన్నాడు. నా వైపు చూశారందరూ, ఇంకేదైనా కలుపుతానేమోనని. నేనే ఎప్పుడూ కలిపేవాణ్ణి.

పైసలిచ్చి వచ్చేశాను.

అక్టోబరు 28, శుక్రవారం

కోమలవల్లి మాట్లాడటం లేదు. వడ్డిస్తుంది, అంతే. ఉప్పు సరిగ్గానే ఉంటుంది.

నవంబరు 2, బుధవారం

చెప్పేశాను.

సాయంత్రం దుకాణం కట్టాక పురానాపూల్ మీద అతని రిక్షా ఎక్కాను. సగం వంతెన దాటాక ఆపమన్నాను. ఆపాడు. ఉస్తాద్, పుస్తకంలో మందం వాషరే ఉంది, నేనే పల్చనిది ఇచ్చాను, నాకు ఫ్రెంచి రాదు, ఒక్క అక్షరం రాదు, నవ్వుల కోసం చేశాను, తప్పు నీ చెయ్యిది కాదు అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను.

అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కొట్టలేదు. తరువాత నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నాకు తెల్సు వామన్‌భాయ్. నా గోరు అబద్ధమాడదు. నీ నోట్లకెంచి ఎప్పుడొస్తదా అని చూస్తున్న."

జేబులోంచి బీడీ తీసి సగం విరిచి ఇచ్చాడు. పో, మాఫ్ చేసిన అన్నాడు. రేపటినుంచి రాజమణి గ్యారేజీకి పోతానన్నాడు. తన చెయ్యి తనకు మళ్ళీ దొరికిందన్నాడు.

ఇంటికి నడిచి వచ్చాను. ఒళ్ళు తేలికగా ఉంది. కోమలకు చెప్పాలి.

నవంబరు 3, గురువారం

కోమలకు చెప్పలేదు. చెబితే పోయి అమీనాను అడుగుతుంది.

నిన్న నేను రిక్షా ఎక్కలేదు. దుకాణం కట్టేటప్పుడు అతనే వచ్చి ఆపాడు. ఇంటి దాకా దింపుతాను ఎక్కు భాయ్, నీ దగ్గర ఏం తీసుకోను అన్నాడు. బుక్కు చదివి చెప్పినందుకు నాకు రుణపడి ఉన్నానన్నాడు. కాళ్ళు పట్టేశాయి, నడిస్తేనే మంచిదన్నాను. సలాం చేసి, వంతెన వైపు తొక్కుకుంటూ పోయాడు.

అతను ఏమీ ఎరగడు. తప్పు తన చేతిదే అనుకుంటున్నాడు. నాకు తెల్సు అన్న మాట, ఆ నవ్వు, ఆ సగం బీడీ, మాఫీ, అన్నీ నేను కల్పించి రాసినవే.